నీళ్ల మీద సెకండు గేరు

గాలి ఈశాన్యం నుంచే వీస్తోంది. దేవదానం మెడలోని తువ్వాలు తీసి ఒక కొస పట్టుకుని పైకెత్తాడు. రెండో కొస చెరువు మధ్యలోని తిప్ప వైపు ఊగింది. అంతే చాలు. తువ్వాలు మళ్లీ మెడలో వేసుకుని, కట్ట మీది పెద్ద రాయి ఎక్కి నిలబడి, రిమోటును రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కింద నీటి అంచున, మోకాళ్ల లోతులో నిలబడి, చెల్లెలి మొగుడు గిద్యోను ఆ బొమ్మ పడవను పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు అరచేతుల్లో పట్టుకుని ఉన్నాడు. మూరన్నర పొడవు, పైన తెల్ల రంగు. దాని కడుపులో బ్యాటరీ, మోటారు, ఆ రెంటికీ మధ్య అగ్గిపెట్టెంత స్పీడు కంట్రోలరు, తోక కింద నీళ్లు తోసే ఫ్యాను. ముక్కు దగ్గర, ప్లాస్టిక్ సంచిలో చుట్టి టేపు వేసిన చెల్లెలు యేసుమణి ఆయాసం మందు, నోట్లో పెట్టుకుని పీల్చే గొట్టం. వదులు, అన్నాడు దేవదానం. గిద్యోను వదల్లేదు. ఒకసారి తిప్ప వైపు చూశాడు, ఒకసారి పడవ వైపు చూశాడు, ఇంత దూరం ఇది పోతుందా అన్న మాట పెదవుల దాకా వచ్చి ఆగినట్టుంది. దేవదానం మళ్లీ చెప్పలేదు. బస్సు తోలినన్నాళ్లూ చూశాడు, తలుపు పట్టుకుని వేలాడేవాణ్ని తొందరపెడితే కాలు జారుతుంది, వాడంతట వాడు ఎక్కేదాకా ఆగాలి. గిద్యోను చేతులు విడిపోయాయి. పడవ నీళ్ల మీద ఒకసారి ఒరిగి నిలబడింది. దేవదానం ముందు పంపు మీట నొక్కాడు. పడవ పక్క రంధ్రంలోంచి సన్నని నీటి ధార బయటికి వచ్చింది. ఆ తర్వాతే మోటారు మీట మీద బొటనవేలు పెట్టాడు.

నిన్న సాయంత్రం వాన పట్టినప్పుడు దేవదానం భార్య సంతోషమ్మ మేకల కోసం తిప్ప మీదికి పోయింది. ఈ చెరువు ఇట్లా నిండి ఎన్నేళ్లయిందో ఊళ్లో ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. చెరువు గర్భంలో కందులు వేసుకుంటారు, తిప్ప మీద మేకల కొట్టం కట్టుకుంటారు, కొనకనమిట్ల రోడ్డు మీది నుంచి చూసిన కొత్తవాళ్లు అది చెరువని అనుకోరు కూడా. మేక ఒకటి ఈనింది, పిల్లలతో ఒక్కదానివే తిప్పలు పడతావు వదినా నేనూ వస్తానని యేసుమణి కూడా ఆమె వెంట బయలుదేరింది. వాన తెరిపి ఇవ్వలేదు, ఇద్దరూ కొట్టంలోనే పడుకున్నారు. తుఫాను అని టీవీలో చెప్పారు గానీ తుఫాను అంటే ఒంగోలుకు, చీరాలకు వచ్చేది, ఈ రాళ్ల నేల మీదికి దాని వాసన తప్ప రాదు అనుకుంటారు ఇక్కడ. పైన కొండల్లో ఎంత పడిందో ఏమో, తెల్లారేసరికి తిప్ప చుట్టూ నీళ్లు. పొద్దున్నే సంతోషమ్మ ఫోను చేసింది. మేము బాగనే ఉండాం, మేకలు బాగనే ఉండాయి, యేసుమణికే ఆయాసం ఎక్కువైంది, గొట్టంలో మందు అయిపోయింది, ఏదో ఒకటి జెయ్యి అంది, అంతలో ఫోను ఆగిపోయింది. ఏదో ఒకటి జెయ్యి. ఇన్నేళ్ల కాపురంలో ఆమె అట్లా ఎన్నడూ అనలేదు. ఇది తే, అది దించు, ఆ గొళ్లెం బిగించు అని ఫలానా పని ఫలానాగా చెప్పే మనిషి. ఏం చెయ్యాలో ఆమెకే తోచలేదంటే అవతల యేసుమణి ఎట్లా ఉందో దేవదానానికి చూడకుండానే తెలిసింది. అగ్నిమాపక వాళ్ల రబ్బరు పడవ బయలుదేరింది గానీ దారిలో కల్వర్టు తెగి చుట్టు తిరిగి వస్తోంది. పొదిలిలో ఎవరిదో పొలాలకు మందు కొట్టే డ్రోను ఉందన్నారు. అదీ ఆ కల్వర్టు దాటే రావాలి. ఈత వచ్చిన ఇద్దరు దిగి చూశారు. నీళ్ల కింద చెరువు నిండా చిల్లకంప. ముళ్లకు తొడలు చీరుకుపోయి వెనక్కి వచ్చారు. అప్పుడు దేవదానం ఇంటికి పోయి, మంచం కింది నుంచి పడవ తీసుకుని వచ్చాడు.

పడవ తిన్నగా పోతోంది. మీటను సగం కూడా తొయ్యలేదు. కట్ట మీద చేరిన జనం గొణగడం వినిపిస్తూనే ఉంది. ఇంకొంచెం గట్టిగా తోలొచ్చు కదా అని ఒకరు, అది పిల్లకాయలు ఆడుకునేది అని ఒకరు. బస్సులో కూడా ఇంతే, వెనక కూర్చున్న ప్రతివాడికీ రోడ్డు డ్రైవరు కంటే బాగా కనిపిస్తుంది. పొద్దున ఈ పడవ తెచ్చినప్పటి నుంచి వాళ్లు మూడు మాటలు చెప్పారు, మూడింటికీ దేవదానం కాదన్నాడు. తూము దగ్గర నుంచి వదిలితే దూరం తక్కువ అన్నారు. తక్కువే, కానీ అక్కడ నుంచి గాలికి ఎదురు పోవాలి. ఈ మూల నుంచి దూరం ఎక్కువైనా గాలి వీపు మీద ఉంటుంది, మధ్యలో ఏమైనా అయితే పడవను తిప్ప వైపే తోస్తుంది. వెనక సన్నని తాడు కట్టి పంపు, ఆ తాడుతో పెద్ద మోకు లాగొచ్చు అన్నారు. లాగొచ్చు, కానీ నీళ్లలో తడిసిన తాడు లాగడమంటే ట్రాలీ తగిలించుకుని ఘాటెక్కడమే, పైగా కంపకు చుట్టుకుంటుంది. మందు ముందు, మోకు తర్వాత అన్నాడు. మూడోది గిద్యోనే అన్నాడు పాపం, పెట్టెలో పెద్ద ఫ్యాను కూడా ఉంది కదా బావా, అది పెడితే తొందరగా పోతాది కదా అని. దేవదానం ఆ మాట వింటూనే, పడవకు అప్పటికే ఉన్న ఫ్యానును కూడా విప్పేసి దానికంటే చిన్నది బిగించాడు. పెద్ద ఫ్యాను ఎక్కువ నీటిని పట్టి తోస్తుంది, మోటారు ఎక్కువ కరెంటు అడుగుతుంది, అడిగినదంతా కంట్రోలరు గుండానే పోవాలి, అది కాగుతుంది. చిన్న ఫ్యాను అంటే సెకండు గేరు. నిదానంగా పోతుంది, కానీ పోతుంది.

ఆ అగ్గిపెట్టెంత కంట్రోలరే అసలు సంగతి. పడవలు ఆడించేవాళ్లు మోటారు గురించి మాట్లాడతారు, బ్యాటరీ గురించి మాట్లాడతారు. మధ్యలో కూర్చుని మీట అడిగినంత కరెంటు కొలిచి మోటారుకు అందించే ఆ పెట్టె గురించి అది కాలిపోయినప్పుడే మాట్లాడతారు. ఈ పిచ్చి దేవదానానికి అంటించింది మార్కాపురంలో ఎలక్ట్రికల్ దుకాణం నడిపే సత్యనారాయణ. సరుకు కోసం నంద్యాల పోయినప్పుడల్లా దేవదానం బస్సే ఎక్కేవాడు, డ్రైవరు వెనక సీటులోనే కూర్చునేవాడు, గిద్దలూరు దాటి నల్లమల ఎక్కుతున్నంతసేపూ ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవాడు. దేవదానం రిటైరైన కొత్తలో ఒకరోజు బజారులో కనపడి, చేతులు ఊరికే పెట్టుకుని కూర్చుంటే రోగాలొస్తాయి డ్రైవరన్నా, ఆదివారం కంభం రా, ఒకటి చూపిస్తా అన్నాడు. ఆరాధన అయ్యాక పోయాడు. కంభం చెరువు అంటే చెరువు కాదు, సముద్రం చూడనివాడికి సముద్రమే. ఆ నీళ్ల మీద సత్యనారాయణ నల్లగా నిగనిగలాడే పడవ వదిలాడు, అది బాణంలా పోయింది, ఇద్దరూ ముసిముసిగా నవ్వుకున్నారు, రెండో చుట్టులో వాసన వచ్చింది. క్లచ్ ప్లేటు మాడిన వాసన లాంటిదే. మూత సందుల్లోంచి పొగ. చుక్క నీళ్లు లోపలికి పోకూడదని సత్యనారాయణ మూత చుట్టూ టేపు మీద టేపు వేశాడు. నీళ్లు లోపలికి పోలేదు, వేడి బయటికి రాలేదు. పైన వేసవి ఎండ, ఆ ఎండను పీల్చే నల్ల రంగు. సత్యనారాయణకు కోపం ఎక్కువ, విసుగు ఇంకా ఎక్కువ. తీసుకుపో అన్నా, నాకు ఫ్యాన్లూ ట్యూబులైట్లే మేలు అని పడవను దేవదానం చేతుల్లో పెట్టేశాడు.

ఇంటికి తెస్తే సంతోషమ్మ ఏమంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మనవళ్లకా అంది చివరికి. కాదు నాకే అన్నాడు. ఓహో అని బియ్యం చెరుగుకోవడానికి పోయింది. ఆ తర్వాత కొత్త కంట్రోలరు తెప్పించాడు, అల్యూమినియం పలక మీద దాన్ని కూర్చోబెట్టి, ఆ పలక చుట్టూ సన్నని రాగి గొట్టం తిప్పి, గొట్టం ఒక మూతి పడవ అడుగున ఫ్యాను వెనక పెట్టాడు; పడవ పరుగెత్తుతుంటే నీళ్లు వాటంతటవే లోపలికి దూరి, వేడిని మోసుకుని పక్క రంధ్రంలోంచి బయటపడతాయి. అందరూ చేసేది అదే. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక ఆదివారం గొట్టం మూతికి నాచు అడ్డం పడింది, అదీ మాడిపోయింది. చుట్టూ చెరువు నిండా నీళ్లుండగా నీళ్లందక మాడిపోయింది. బస్సులో ఇంటికి వస్తూ కిటికీ పక్కన కూర్చుని దేవదానం దారంతా దాని గురించే ఆలోచించాడు. పడవ పరుగెత్తితేనే నీళ్లు వస్తాయంటే, నెమ్మదించినప్పుడు రావన్నమాట. నాచులో ఇరుక్కుని మోటారు మూలుగుతున్నప్పుడు, నీళ్లు ఎప్పుడు బాగా కావాలో అప్పుడు, రావన్నమాట. బస్సు అట్లా ఉండదు కదా, బస్సు నిలబడినా ఇంజను తిరుగుతున్నంతసేపు నీళ్లు తిరుగుతూనే ఉంటాయి. మర్నాడే పాత సామాన్ల కొట్లో, బస్సు ముందద్దం మీద నీళ్లు చిమ్మే చిన్న పంపు ఒకటి దొరికింది. దానికి వేరే మీట పెట్టాడు. నాచు రాకుండా గొట్టం మూతికి జాలీ కావాలి. ఇంట్లో టీ వడబోసే జాలీ మాయమైంది. సంతోషమ్మ వారం రోజులు టీ ఆకుతో సహా పోసి ఇచ్చింది, అతను ఆకు ఉమ్ముకుంటూ తాగాడు. పడవ పైన తెల్ల రంగు వేశాడు, మూతకు గాలి ఆడేట్టు రెండు బొక్కలు పెట్టి వాటికి గొడుగుల్లాంటి మూతలు అతికించాడు. ఈ వేసవంతా కంభంలో తిప్పాడు. ఒక్కసారి కూడా కాలలేదు. తొట్టిలో పెట్టి చూపిస్తే సంతోషమ్మ ఆ పక్క ధార చూసి, నీ పడవ ఉచ్చ పోస్తాందే అంది. పోస్తున్నంతసేపు దానికి ఢోకా లేదు అన్నాడు. ఆమె నవ్వలేదు, కానీ తల తిప్పుకుని పోయిన తీరులో కొంచెం నవ్వు ఉంది.

ధార ఇప్పుడు కనిపించడం లేదు, దూరం పోయింది. పంపు మోత కూడా వినపడదు, మోటారుదే సన్నగా, దోమ పాటలాగా వస్తోంది. ఆ పాట సమంగా ఉందా లేదా, అదొక్కటే అతను వింటున్నది. అట్లా చెవి పెట్టడం అతనికి బస్సు నేర్పింది కాదు, యేసుమణి నేర్పింది. మార్కాపురం పలకల గనుల్లో నాయన పని చేసే రోజులు. ఇంటి చూరు మీద, నీళ్ల కుండ మీద, అన్నం మీద కూడా ఆ బూడిద రంగు దుమ్ము. చిన్నప్పుడే యేసుమణికి ఆయాసం పట్టుకుంది. నాయనకు దగ్గు, ఎత్తుకోలేడు, దేవదానమే చెల్లెల్ని వీపు మీద వేసుకుని ఆసుపత్రికి నడిచేవాడు. ఆమె గడ్డం అతని భుజం మీద, ఆమె ఊపిరి అతని చెవిలో. పిల్లనగోవిలా సన్నగా మోగితే ఇంకా ఫరవాలేదు, గరగర వస్తే తొందరగా నడవాలి, ఏ చప్పుడూ రాకపోతే పరుగెత్తాలి. ఒకరోజు పొద్దున ఏ చప్పుడూ రాలేదు. రోడ్డెక్కి చేతులు ఊపితే ఒక బస్సు ఆగింది, స్టాపు కాని చోట. ఆ డ్రైవరు పేరు తెలియదు, ముఖం గుర్తు లేదు, కండక్టరు ఏదో అంటుంటే అతను తిరిగి చూడకుండా గేరు మార్చిన చెయ్యి మాత్రం గుర్తుంది. ఆసుపత్రి మెట్ల ముందు ఆపాడు బస్సును. దేవదానం ఏం కావాలనుకున్నాడో ఆ మెట్ల మీదే అనుకున్నాడు. ఇప్పుడు తిప్ప మీద ఆకుపచ్చ చీర సంతోషమ్మది, నిలబడి ఉంది. ఆమె పక్కన రాయికి ఆనుకుని ముందుకు వంగి కూర్చున్నది యేసుమణి. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టి, తల వంచి. ఆ కూర్చున్న తీరు దేవదానానికి తెలుసు. ఇంత దూరం నుంచి ఊపిరి వినపడదు, కానీ ఆ భుజాలు లేచి పడటం తెలుస్తూనే ఉంది. లేచి పడుతున్నాయి. కాబట్టి టైముంది. పోతాది, అనుకున్నాడు. పైకే అన్నాడేమో, కింద గిద్యోను తలెత్తి చూశాడు.

సగం దాటింది. అప్పుడు పాట తెగింది. ఒక్క క్షణం ఆగి మళ్లీ వచ్చింది, మళ్లీ తెగింది, వెక్కిళ్లు పట్టినట్టు. దేవదానం బొటనవేలు కదల్లేదు, మనసు మాత్రం ఒక్క ఊపున పడవ లోపలికి పోయి కూర్చుంది. వెక్కిళ్లు రెండిటికి వస్తాయి. బ్యాటరీ అయిపోతే వస్తాయి. బ్యాటరీ నిండా ఉంది, తనే ఎక్కించాడు. లేదా కంట్రోలరు కాగి, ఇంక నా వల్ల కాదని కరెంటు తనంతట తాను కోసేస్తుంటే వస్తాయి. కాగింది. ఎందుకు కాగింది. ఇక్కడ నీళ్ల కింద మునిగిన కంది చేను ఉంది, తీగలున్నాయి, ఫ్యానుకు ఏదో చుట్టుకుంది, మోటారు తిరగలేక ఎక్కువ కరెంటు లాగుతోంది. కట్ట మీద కేకలు మొదలయ్యాయి, ఆగిపోతాంది ఆగిపోతాంది, గట్టిగా తోలమని, గట్టిగా ఒకే ఊపున తోలితే పోతుందని. దేవదానం మీటను వెనక్కి లాగాడు. ఫ్యాను ఉల్టా తిరిగింది, పడవ తోక దగ్గర నీళ్లు ఉబికాయి. ముందుకు కొంచెం, మళ్లీ వెనక్కి. చుట్టుకున్నది ఏదైనా చుట్టుకున్న దారినే విడిపోవాలి. ఇంకోసారి. ఏదో నల్లని పోగు తేలి పక్కకు పోయింది, లేక నీడేమో. ముందుకు తోశాడు. పాట శుభ్రంగా వచ్చింది, ఫ్యాను వదిలింది, కానీ కొంచెం పోయేసరికి మళ్లీ ఒక వెక్కిలి. వేడి ఇంకా దిగలేదు. అప్పుడు దేవదానం మోటారు మీట మీది నుంచి బొటనవేలు తీసేశాడు. పంపు మీటను అట్లాగే ఉంచాడు.

పడవ చెరువు మధ్యలో ఆగింది.  గిద్యోను నీళ్లలోంచి గట్టెక్కి రాయి దగ్గరికి వచ్చాడు, పంచె నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఆపినావేంది బావా? ఇంకొంచెమే కదా ఉండేది."

"సల్లారనీ."

"అది అక్కడ ఊపిరాడక..."

"నాకూ చెల్లెలే గిద్యోను," అన్నాడు దేవదానం, కళ్లు పడవ మీది నుంచి తిప్పకుండా. "ఇప్పుడు తోలితే ఆడనే మాడిపోతాది. రెండోది లేదు మన దగ్గర. నీళ్లు తిరుగుతాండాయి లోపల. సల్లారనీ."

గిద్యోను రాయి పక్కనే చతికిలబడి, రెండు చేతులూ కలిపి, ప్రార్థన చేసుకుంటున్నాడో గట్టిగా పట్టుకుని ఆపుకుంటున్నాడో తెలియకుండా కూర్చున్నాడు. గాలి పడవను మెల్లగా తోస్తోంది. తిప్ప వైపే, కానీ తిన్నగా కాదు, కొంచెం ఎడమకు. తిప్పకు ఎడమ పక్కన నీళ్లలోంచి చిల్లకంప తలలు లేచి ఉన్నాయి, వాటి మధ్యకు పోతే పడవ ఇంక ఎవరి మాటా వినదు. ఎంత దూరం కొట్టుకుపోవచ్చు, ఎక్కడిదాకా ఆగొచ్చు. అది గడియారం చూసి చెప్పేది కాదు. నల్లమల ఘాటులో కూడా అంతే. కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు, గిద్దలూరు నుంచి ఎక్కుతుండగా బండి కాగింది, జనం కేకలు, పెళ్లికి పోయేవాళ్లు కాబోలు, ముహూర్తం దాటిపోతుందని ఒకటే గొడవ. దేవదానం ఆ గొడవకు దిగి, తువ్వాలు చుట్టుకుని రేడియేటరు మూత తిప్పాడు. మోచేతి దాకా ఉడికిపోయింది. చర్మం ఇప్పటికీ అక్కడ నున్నగా, వెంట్రుక లేకుండా ఉంటుంది. ఆ తర్వాత కరుణాకరం అనే పాత డ్రైవరు, ఎన్నేళ్లు ఆ ఘాటులో తోలాడో, కట్టు కట్టిన ఆ చేతిని చూసి ఒక్కటే చెప్పాడు. కాగిన ఇంజనును ఆపొద్దు, తోలొద్దు. ఊరికే తిరగనియ్యి, నీళ్లు తిరుగుతా ఉంటే అదే దిగుతాది. జనం అరిస్తే అరవనియ్యి, ఘాటు దిగినాక మర్చిపోతారు. ఎంతసేపు తిరగనియ్యాలి అని అడిగాడు దేవదానం. నీకు భయం పోయినాక ఇంకొంచెంసేపు అన్నాడు కరుణాకరం. అప్పుడు అర్థం కాలేదు. ఎన్నో ఘాట్లు ఎక్కి దిగాక, ఎన్నోసార్లు ఆ అడవిలో బండి ఆపి కోతుల్ని చూస్తూ నిలబడ్డాక అర్థమైంది. భయంతో ఉన్నవాడికి ఎప్పుడూ చాలినంత చల్లారినట్టే అనిపిస్తుంది.

అతనికి భయం ఉందా. వెతుక్కున్నాడు. తిప్ప మీది వంగిన భుజాల వైపు చూసినప్పుడు ఉంది, పడవ వైపు చూసినప్పుడు లేదు. పడవ లోపల ఏం జరుగుతోందో అతనికి అద్దంలో లాగా కనిపిస్తోంది. జాలీ గుండా చల్లని తుఫాను నీళ్లు, రాత్రంతా కొండల మీద పడిన నీళ్లు, రాగి గొట్టంలోకి పోయి, పలకను తాకి, వేడి ఎత్తుకుని, పక్కనుంచి బయటికి. ఎండ లేదు, మబ్బు ఉంది, అది మేలు. తెల్ల రంగు, అది మేలు. బరువు లేదు, తాడు లేదు, చిన్న ఫ్యాను. తాను చేయగలిగిందంతా కట్ట దగ్గరే చేసి పంపాడు. ఇక మిగిలింది ఆగడం, అది కూడా పనే. కంప తలలు దగ్గరపడుతున్నాయి. జనంలో ఎవరో అయ్యో అన్నారు. సంతోషమ్మ నీటి అంచుకు దిగి వచ్చింది, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. ఆగు, ఆగు, అక్కడే ఉండు అని మనసులోనే అన్నాడు, కంపలోకి దిగొద్దు. ఆమె, ఆ మాట వినపడ్డట్టే, ఆగింది. ఇంకొంచెంసేపు. కంప మొదటి కొమ్మ పడవకు ఒక బారెడు దూరంలో ఉండగా బొటనవేలు మీట మీదికి వచ్చింది.

మెల్లగా తోశాడు. పాట వచ్చింది. తెగలేదు. పడవ ముక్కును కుడికి తిప్పాడు, కొమ్మ పక్కను గీసుకుంటూ పోయింది, పడవ ఒరిగి లేచింది. మీటను పెంచలేదు. పెంచాలని వేలు అంటోంది, ఇంత దగ్గరకొచ్చి ఇంకా నిదానమేంటని కట్ట మీద జనమంతా ఊపిరి బిగబట్టి మౌనంగానే అంటున్నారు, అతను పెంచలేదు. ఆఖరి మలుపులోనే కొత్తవాళ్లు గేరు మార్చి బండి పాడు చేసుకుంటారు. పాట సమంగా, దోమలాగా, చిన్న పిల్లనగోవిలాగా సాగింది. సంతోషమ్మ నడుం లోతుకు దిగి, ముందుకు వంగి, రెండు చేతులూ చాపింది. ఎప్పుడు ఆపాలో అతను చెప్పాల్సిన పని రాలేదు. ఆమె చేతులు పడవ కిందికి పోగానే అతను మీట వదిలాడు, ఆమె దాన్ని నీళ్లలోంచి పైకెత్తింది. పడవ పక్కనుంచి ధార ఆమె రవిక మీద పడింది. దేవదానం పంపు ఆపాడు.

సంతోషమ్మ టేపు పళ్లతో కొరికి తీసింది. యేసుమణి తల వెనక చెయ్యి పెట్టి, గొట్టం నోటికి అందించింది. ఒకసారి. మళ్లీ ఒకసారి.  దేవదానం ఆ భుజాలనే చూస్తున్నాడు. అవి పైకి లేస్తున్నాయి, పడుతున్నాయి, పైకి లేస్తున్నాయి, మెడ నరాలు తెగేట్టు లాగినట్టే లేస్తున్నాయి, ఇంకా అట్లాగే. తర్వాత ఎప్పుడో, ఏ ఊపిరి దగ్గరో సరిగ్గా చెప్పలేడు, కొంచెం తక్కువ లేచాయి. ఆ తర్వాత ఇంకొంచెం తక్కువ. గిద్యోను లేచి నిలబడి ఉన్నాడు. చాలాసేపటికి యేసుమణి రాయికి వీపు ఆనించి నిటారుగా కూర్చుంది, మోకాళ్ల మీది నుంచి చేతులు తీసి, ఒక చెయ్యి పైకెత్తి కట్ట వైపు ఊపింది. గిద్యోను ఏడ్చేశాడు. అతని వెనక జనంలో ఒక్కసారిగా మాటలు పుట్టుకొచ్చాయి, నేను ముందే అనుకున్నా అని ఒకరు, అసలు చిన్న ఫ్యానే మంచిది అని ఇంకొకరు. ఆ సందట్లోనే పంచాయతీ కార్యదర్శికి ఫోను వచ్చింది, రబ్బరు పడవ కల్వర్టు చుట్టు తిరిగి ఊరి మొదటికి వచ్చిందని, ఇద్దరినీ ఒకే విడతలో, మేకల్ని తర్వాతి విడతలో దాటిస్తారని. దేవదానం రాయి మీది నుంచి దిగబోయి, కాళ్లు తిమ్మిరెక్కి ఉండటం తెలిసి, అక్కడే కూర్చున్నాడు.  

అవతల సంతోషమ్మ ఖాళీగా కూర్చోలేదు. పడవను ఒళ్లో పెట్టుకుని, బోర్లించి చూసింది, ఫ్యానుకు మిగిలిన పీచు ఏదో గోటితో లాగి పారేసింది. తర్వాత మూత చుట్టూ తడిమి, మూతను పట్టి ఉంచే వెనక బిళ్ల పక్కకు జరిపి, మూత పైకెత్తి పక్కన పెట్టింది. ఆ బిళ్ల సంగతి ఆమెకు ఎప్పుడు చూపించాడో దేవదానానికి గుర్తు రాలేదు. లోపలికి తొంగి చూసి, వేలితో ఏదో తాకి, చటుక్కున వేలు వెనక్కి తీసుకుంది. చీర కొంగు కొస పిండి, నాలుగు మడతలు పెట్టి, పడవ కడుపులోకి గాలి విసరడం మొదలుపెట్టింది, తొందర లేకుండా, ఒకే తీరున.

"అక్క ఏం జేస్తాంది బావా?" గిద్యోను కళ్లు తుడుచుకుంటూ అడిగాడు.

దేవదానం తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"సల్లారుస్తాంది," అన్నాడు.

రిమోటును ఒళ్లో పెట్టుకుని, ఆమె విసరడం ఆపేదాకా చూస్తూ కూర్చున్నాడు.